సైనస్ అనుకున్నదల్లా సైనస్ కాదు

ముక్కు దిబ్బడ వేసి, నొసలు బరువెక్కి, నెలలో నాలుగైదుసార్లు తల పగిలిపోతుంటే మన ఇళ్లలో తీర్పు ఒక్కటే: సైనస్. ఆ పేరు ఒకసారి పడిందంటే ఏళ్ల తరబడి వైద్యమంతా ముక్కు చుట్టూనే తిరుగుతుంది. మంచి మందులున్న అసలు జబ్బు మాత్రం ఎవరికీ పట్టదు. బాధ కలిగించేది అదే.

అపోహ: ముక్కు దిబ్బడతో తలనొప్పి వస్తే అది సైనసే.

చాలామందిలో అది మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి. సైనస్ తలనొప్పి అని తాము అనుకున్న, లేదా డాక్టర్లు చెప్పిన 2,991 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2004లో అమెరికాలో వెలువడింది. వారిలో 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా నొప్పే.

నొసలు, కళ్లు, బుగ్గలు, ముక్కు లోపలి పొర, వీటన్నిటి నొప్పినీ మెదడుకు చేర్చేది ట్రైజెమినల్ నరం. మైగ్రేన్‌లో అది రేగినప్పుడు ముక్కులోని రక్తనాళాలు ఉబ్బి ముక్కు మూసుకుపోతుంది, కళ్లు నీళ్లు కారతాయి. అంటే ఇక్కడ దిబ్బడ వల్ల తలనొప్పి రాలేదు, తలనొప్పితోనే దిబ్బడ వచ్చింది. పార్శ్వపు నొప్పి ఒక పక్కే రావాలనేమీ లేదు, నుదురంతా రావచ్చు. వంగితే ఎక్కువవుతోంది కాబట్టి సైనసే అనడమూ సరికాదు. మైగ్రేన్‌లోనూ తల కదిపితే నొప్పి పెరుగుతుంది.

నొప్పి వచ్చినరోజు ఆ మనిషిని గమనించండి. తలకు తువ్వాలు బిగించి కట్టుకుని, లైటు ఆర్పించి పడుకుంటారు. వంటింట్లో మిక్సీ తిరిగితే భరించలేరు, పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది. కొందరికి వాంతి అయ్యాక గానీ నెమ్మదించదు. వెలుతురు చూడలేకపోవడం, వికారం, పనులు ఆగిపోవడం, ఈ మూడింటిలో రెండున్నా మైగ్రేన్‌ను గట్టిగా అనుమానించాలి. నిజమైన సైనస్ ఇన్ఫెక్షన్‌లో చిక్కటి చీమిడి, వాసన తెలియకపోవడం, ఒక్కోసారి జ్వరం, పైపళ్ల నొప్పి ఉంటాయి.

అపోహ: తలస్నానం చేస్తే తలలో నీరు దిగి నొప్పి వస్తుంది.

నీరు చర్మాన్నీ పుర్రెనూ దాటి లోపలికి దిగదు. అయితే తలంటుకున్న రోజే నొప్పి వస్తోందని చెప్పే ఆడవాళ్ల మాట అబద్ధం కాదు. తలస్నానం మైగ్రేన్‌ను రేపడం మన దేశపు వైద్యులు నమోదు చేసిన విషయమే. అనుభవం నిజం, దానికి చెప్పుకున్న కారణమే తప్పు.

అపోహ: జలుబు మాత్రకు తగ్గింది, కాబట్టి జలుబు నొప్పే.

ఆ మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, కొన్నిటిలో కెఫీన్ కూడా. ఏ తలనొప్పయినా కాస్త తగ్గుతుంది. అలాంటి మిశ్రమ మాత్రలు నెలలో పది రోజులకు పైగా, ఉత్త పారాసెటమాల్ పదిహేను రోజులకు పైగా నెలల తరబడి మింగితే, ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెడతాయి. దిబ్బడకు వేసుకునే ఆక్సీమెటాజోలిన్ లాంటి చుక్కలూ అంతే. అయిదు రోజులు దాటితే మందు వల్లే ముక్కు మూసుకుపోతుంది. బామ్‌లోని మెంథాల్ చల్లదనం వల్ల గాలి ఆడుతున్నట్టు అనిపిస్తుంది తప్ప దారి తెరుచుకోదు. హాయిగా ఉంటే రాసుకోవచ్చు. మరిగే నీళ్ల గిన్నెతో పిల్లలకు ఆవిరి మాత్రం పట్టకండి, ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

అపోహ: చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ వాడాలి.

రంగు ఒక్కటే చూసి వాడకూడదు. వైరస్ జలుబులోనూ రంగు మారుతుంది. పది రోజులైనా తగ్గకపోతేనో, తగ్గినట్టే తగ్గి తిరగబెడితేనో డాక్టర్‌కు చూపించుకోవాలి.

అపోహ: స్కాన్‌లో దూలం వంకరుంది, ఆపరేషన్ చేయిస్తే తలనొప్పి పోతుంది.

దూలం కాస్త వంకరగా ఉండటం, సైనస్ పొర కొంచెం మందంగా కనిపించడం ఏ తలనొప్పీ లేనివాళ్లలోనూ మామూలే. గాలి ఆడకపోతే, సైనసైటిస్ మందులకు లొంగకపోతే ఆపరేషన్‌కు అర్థముంది. కేవలం తలనొప్పి కోసమే అయితే ముందు న్యూరాలజిస్ట్‌ను కలవండి. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపుంది, ఏం మింగారు అన్నవి రెండు నెలలు క్యాలెండర్‌లో రాసుకుని పట్టుకెళ్తే, చాలాసార్లు స్కాన్ కంటే అదే ఎక్కువ చెబుతుంది.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు: ఉన్నట్టుండి విరుచుకుపడే భరించలేని తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం. షుగర్ ఉన్నవారికి ముఖం ఒక పక్క నొప్పి, తిమ్మిరి, ముక్కు నుంచి నల్లటి స్రావం కనిపిస్తే, 2021లో కోవిడ్ వెంట మనం చూసిన బ్లాక్ ఫంగస్ కావచ్చు. తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.