చేతిరుమాలుతో మొదలైన జిరాక్స్

హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తాబజార్ అంటే పెళ్లికార్డులు, ప్రింటింగ్ ప్రెస్సులు. ఆ పక్కనే పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు. ఇలాంటి చోట జిరాక్స్ మిషన్‌కు తీరిక ఉండదు. దాని లోపల నల్లపొడిని అక్షరాల ఆకారంలో పట్టి ఉంచేది జిగురు కాదు, స్థిర విద్యుత్తు.

1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో ఈ పద్ధతికి పురుడు పోసినవాడు చెస్టర్ కార్ల్‌సన్. పేటెంట్ పత్రాలకు నకళ్లు తీయలేక విసిగిపోయిన ఉద్యోగి. సహాయకుడు ఒట్టో కోర్నైతో కలిసి, గంధకం పూసిన జింకు పలకను చీకట్లో చేతిరుమాలుతో రుద్దాడు. పలకకు విద్యుదావేశం వచ్చింది. "10-22-38 ఆస్టోరియా" అని రాసిన గాజుపలకను దానిపై పెట్టి దీపం వెలిగించారు. వెలుతురు తగిలినచోట ఆవేశం జారిపోయింది, అక్షరాల నీడలో నిలిచింది. లైకోపోడియం అనే మెత్తటి పొడి చల్లి ఊదితే అక్షరాలు మాత్రమే మిగిలాయి.

పొడిని అలా పట్టి ఉంచడానికి ఎంత శక్తి ఖర్చయింది? ఏమీ కాలేదు. గోడకు కొట్టిన మేకు పటాన్ని ఏళ్లతరబడి మోస్తుంది, దానికి ఎవరూ మేత వేయరు. బలం పనిచేసే దిశలో వస్తువు కదిలితేనే శక్తి ఖర్చు లెక్కకు వస్తుంది. రేణువు పలకవైపు దూకినప్పుడు విద్యుత్ క్షేత్రంలోని శక్తి కొంత తగ్గుతుంది. అతుక్కున్నాక తగ్గదు. ఆ శక్తి ముందే జమ అయినది: ధన, ఋణ ఆవేశాలను విడదీస్తూ రుద్దిన చేతి కష్టం.

కార్ల్‌సన్‌ను 20కి పైగా కంపెనీలు వెనక్కి పంపాయి. 1944లో బాటెల్ పరిశోధన సంస్థ, తర్వాత హాలాయిడ్ కంపెనీ చేయి అందించాయి. 1959లో ఆ కంపెనీ నుంచే జిరాక్స్ 914 మిషన్ వచ్చింది, బరువు దాదాపు 290 కిలోలు. గంధకం స్థానంలో సెలీనియం డ్రమ్ము, చేతిరుమాలు స్థానంలో అధిక వోల్టేజి తీగ చేరాయి.

నేటి మిషన్ వాడే కరెంటులో పెద్దవాటా పొడిని కాగితంపై కరిగించి అంటించే రోలర్ వేడికే పోతుంది. పట్టి ఉంచినందుకు ఖర్చు లేదు గానీ, ఆవేశం జారకుండా కాపాడుకోవాలి. వానాకాలంలో కాగితం తేమ పడితే ఆవేశం దానిగుండా కారిపోయి అచ్చు పాలిపోతుంది. అందుకే కాగితం కట్టలను పొడిగా ఉంచుకోవాలి.