ఇంట్లో సాగరతీర శోభ: పగడాలు, శంఖాలు లేకుండానే

సముద్రతీర శైలిలో ఇంటి అలంకరణ అనగానే ఎక్కువగా కనిపించేది ఒకే దృశ్యం. ముదురు నీలం గోడ, దానిపై లంగరు బొమ్మ, తాడు చుట్టిన అద్దం, గాజు సీసాలో ఇసుక, టీవీ పక్కన తెల్లని పగడపు ముక్క. వీటిలో మొదటి నాలుగూ అభిరుచికి సంబంధించినవి. చివరిది మాత్రం చట్టానికి సంబంధించినది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువులకే వర్తిస్తుందనే అపోహ చాలామందిలో ఉంది. 2001లో చేసిన మార్పులతో దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడం, విసనకర్ర ఆకారంలో పెరిగే మరో సముద్రజీవి, సముద్రపు గుర్రం చేప, కొన్ని రకాల పెద్ద శంఖాలు ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేరాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. వీటిని సేకరించడం, అమ్మడం, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. ఇందుకు 3 నుంచి 7 సంవత్సరాల జైలు శిక్ష పడవచ్చు. 2022 సవరణ కనీస జరిమానాను 25,000 రూపాయలకు పెంచింది. తీరంలోని దుకాణంలో బహిరంగంగా అమ్ముతున్నంత మాత్రాన ఒక వస్తువు చట్టబద్ధం కాదు.

ఈ కట్టడికి కారణం లేకపోలేదు. మన్నార్, కచ్ సింధుశాఖలలోనూ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు చేపలకు ఆవాసాలు, తీరానికి అలల నుంచి రక్షణ. బండల్లా పెరిగే పగడాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి ఎదగవు. అరచేతిలో ఇమిడే ముక్క వెనుక కూడా కొన్నేళ్ల పెరుగుదల ఉంటుంది. చట్టం పరిధిలోకి రాని ఖాళీ గుల్లల విషయంలోనూ కొంత ఆలోచన అవసరం. సొంత పెంకు లేని సన్యాసి పీతలు తలదాచుకునేది వాటిలోనే.

నిజానికి సున్నితమైన తీర శైలికి ఇవేవీ అవసరం లేదు. సముద్రాన్ని బొమ్మల రూపంలో గోడకెక్కించడం కంటే తీరంలోని వెలుగును, రంగును, గాలిని గదిలోకి తీసుకురావడం మేలు. విదేశీ పత్రికల్లో కనిపించే మెరిసే నీలం మన తూర్పు తీరపు రంగు కాదు. గోదావరి, కృష్ణ కలిసేచోట బంగాళాఖాతం ఒండ్రు కలిసిన బూడిద ఆకుపచ్చగా ఉంటుంది. తడి ఇసుక రంగు, ఎండిన తాటాకు రంగు, భీమిలి ఎర్రమట్టి దిబ్బల ఛాయ మన కళ్లకు అలవాటైనవి. గదిలో అధిక భాగం తెలుపు, లేత ఇసుక రంగు ఉంచి, ఒక్క దిండు గలీబుకో, ఒక తలుపుకో నీలం పరిమితం చేస్తే చాలు. పూర్వం తీరగ్రామాల్లో గుల్లసున్నంతో గోడలకు వెల్ల వేసేవారు. సున్నపు పూత గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. నూనె రంగు ఆ చెమ్మను లోపలే నిలిపి పెచ్చులూడుతుంది.

కిటికీ తెరల విషయంలో శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీని ప్రస్తావించక తప్పదు. అక్కడ పత్తిని శుభ్రపరిచేది వాలుగ చేప దవడ ఎముకతో. ఆ సన్నని పళ్ల మధ్య దువ్విన పత్తి నుంచి వడికిన నూలు ఎంతో పలుచగా ఉంటుంది. గోవాలోని పాత ఇళ్ల కిటికీలకు గాజుకు బదులు పలుచని ఆల్చిప్ప పలకలు అమర్చేవారు. అవి ఎండ తీవ్రతను తగ్గించి పాలవంటి వెలుగును లోపలికి పంపేవి. పొందూరు తెల్లని బట్ట తూర్పు కిటికీకి వేలాడదీస్తే ఉదయం వేళ దాదాపు అదే అనుభూతి. రంగు కావాలనుకునేవారికి మచిలీపట్నం, పెడన అచ్చు కలంకారీ ఉండనే ఉంది.

నేలపై తుంగ చాప గానీ, కొబ్బరి పీచు చాప గానీ సరిపోతుంది. పీచు పరిశ్రమకు కేరళలోని అలప్పుళ ప్రసిద్ధి. కోనసీమలోనూ పీచు ఉత్పత్తులు దొరుకుతాయి.

విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల సముద్రానికి చేరువలో నివసించేవారికి మరో చిక్కు ఉంది. ఉప్పుగాలికి ఇనుప బందులు, మేకులు త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలులో సాధారణ 304 రకం కంటే మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పును ఎక్కువగా తట్టుకుంటుంది. ధర కొంత ఎక్కువ. ఇత్తడి రంగు మారినా తుప్పు పట్టదు. హైదరాబాద్‌లోని ఇంటికి ఈ బెడద లేదు గానీ, అలంకారం కోసం తెచ్చిన కడగని సముద్రపు ఇసుక ఎక్కడైనా ఇబ్బందే. అందులోని ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని, కింద ఉన్న చెక్కపై మరక వేస్తుంది. చాపలను వర్షాకాలంలో స్నానాల గది పక్కన పరిస్తే బూజు పడతాయి. ఎండ కాసిన రోజున వాటిని దులిపి, పూర్తిగా ఆరాకే మళ్లీ పరచాలి.