వండని నాలుగు రోజులు

మన వైపు ఆడవాళ్లకు ప్రయాణమంటే ఏంది? ఐరాల నుంచి బయల్దేరితే మండలంలోనే కాణిపాకం. ఆపైన తిరుమల. పౌర్ణమికి అరుణాచలం. ఒంట్లో బాగలేకపోతే వేలూరు ఆసుపత్రి. ఎక్కడికి పోయినా తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి, పెరుగన్నం మూట కట్టి, నీళ్ల సీసాలు నింపేది ఇల్లాలే. బస్సు దిగి చెట్టు నీడన కూర్చోగానే అందరి చూపూ ఆమె సంచీ మీదే. ఊరు మారుతుంది గానీ ఆమె పని మారదు!

కొన్నేళ్లుగా ఇంకో రకం ప్రయాణం మన పల్లెలకు కూడా వచ్చింది. బెంగళూరులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో ఉద్యోగాలు చేసే పిల్లలు క్రిస్మస్ సెలవులకు టికెట్లు తీసి, ‘అమ్మా, నాన్నా, మీరిద్దరే పోయి రండి’ అంటున్నారు. మొదటిసారి దేశం దాటేవాళ్లలో చాలామందికి ఆ టికెట్టు సింగపూర్‌కే. చెన్నైలో విమానం ఎక్కితే నాలుగున్నర గంటల లోపే దిగిపోవచ్చు.

మాకు తెలిసిన ఒక అక్క ఉంది. యాభై దాటింది. వాళ్లది గానుగాడించి బెల్లం వండే కుటుంబం. కొడుకు నాలుగు రాత్రులకు సింగపూర్‌లో హోటల్ బుక్ చేశానని ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న విమానం గురించి కాదు, వీసా గురించి కాదు.

‘‘ఆ రూములో స్టవ్ ఉంటాదా నాయినా?’’

కొడుకు నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు పొయ్యి ముందు నిలబడిన మనిషికి, పొయ్యి లేని గదిలో తానేం చేయాలో తెలియలేదు. ‘‘వొండకుండా నాలుగు దినాలు కూర్చోని తినేదానికి సిగ్గుగా ఉండాదమ్మే’’ అందామె నాతో. ఆ సిగ్గు మన చాలామందిలో ఉంది. అందుకే ఈ ప్రయాణం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

భాష మనదే!

‘ఇంగ్లీషు రాదు, అక్కడ నోరెట్లా తెరిచేది?’ అనేది రెండో భయం. చిత్తూరు జిల్లా ఆడవాళ్లకు ఈ భయం అక్కర్లేదు. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లా మనది. సరిహద్దు పల్లెల్లో తమిళం రాని ఇల్లు తక్కువ. ‘మీ తెలుగులో అరవం కలిసింది’ అని కోస్తా చుట్టాలు ఎగతాళి చేస్తుంటారు కదా! ఆ అరవమే సింగపూర్‌లో అక్కరకొస్తుంది. అక్కడ నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. మిగతావి మలయ్, చైనీస్, ఇంగ్లీషు.

సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల ఉండే లిటిల్ ఇండియాలో దిగితే మల్లెపూల మూరలు, అరటాకులు, కొబ్బరికాయలు, తమిళ బోర్డులు. సగం వేలూరు బజారులో ఉన్నట్టే ఉంటుంది. ముస్తఫా సెంటర్ అనే పెద్ద అంగడి అక్కడే. అర్ధరాత్రి దాటాక కూడా అమ్మకాలు సాగుతూ ఉంటాయి. అదే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. దాని చరిత్ర 1855 నాటి నుంచి మొదలవుతుంది.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, డిసెంబరు అనగానే మనకు ధనుర్మాసం అడ్డొస్తుంది. ‘నెల పట్టినాక వాకిట్లో ముగ్గు వేయకుండా యాడికి పోయేది?’ అంటారు అత్తలు. ముగ్గు నాలుగు రోజులు కోడలో, పక్కింటి పిల్లో వేస్తుంది. మొక్కుకోవడానికి అక్కడా ఏడుకొండలవాడే ఉన్నాడు. తెలుగువాళ్లూ ఉన్నారు. 1975లోనే సింగపూర్ తెలుగు సమాజం ఏర్పడింది.

ఇక క్రిస్మస్ నెలలో ఆర్చర్డ్ రోడ్డును చూడాల్సిందే. రెండు కిలోమీటర్లకు పైగా దారి పొడవునా దీపాలు. 1984లో మొదలైన ఆనవాయితీ. చూడటానికి పైసా ఖర్చు లేదు. మొగుడూ పెళ్లాం పక్కపక్కన నడవడం మరిచిపోయిన వాళ్లకు అంతకన్నా మంచి తావు దొరకదు. మన ఊళ్లో ఆయన పది అడుగులు ముందు, ఈమె సంచీతో వెనక. ఆ జనంలో తప్పిపోకుండా ఉండాలంటే అయినా చెయ్యి పట్టుకోవాలి!

రూము ఇచ్చేది మధ్యాహ్నమే

చెన్నై నుంచి రాత్రి విమానంలో పోయినవాళ్లు తెల్లవారుజామున దిగుతారు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. హోటళ్లలో రూము ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. ఇది తెలియక పొద్దున్నే పోయి, స్నానం లేక, కునుకు లేక సోఫాలో ముడుచుకుని కూర్చుంటారు. సామాను రిసెప్షన్‌లో అప్పగిస్తే దాచిపెడతారు. ఒక జత బట్టలు, మందులు, దువ్వెన చేతి సంచీలో విడిగా ఉంచుకుంటే టిఫిన్ తిని నాలుగు వీధులు చూసి రావచ్చు.

రూములోకి పోయాక గుర్తుంచుకోవాల్సినవి కొన్ని:

* కార్డు మీద కొంత డిపాజిట్ పట్టి ఉంచడం మామూలే. ఖాళీ చేసినాక వదిలేస్తారు. కంగారు పడొద్దు.

* చిన్న ఫ్రిజ్‌లో ఉన్న చాక్లెట్లు, కూల్‌డ్రింకులు చాలాచోట్ల ఊరకే ఇచ్చేవి కావు. తింటే బిల్లులో కలుస్తాయి. ముందే అడగండి.

* నీళ్లు కాచే కెటిల్ కాఫీ, టీలకే. అందులో పాలు కాచడం, గుడ్లు ఉడకేయడం వద్దు. మన తర్వాత వచ్చేవాళ్లూ దాంట్లోనే నీళ్లు కాచుకోవాలి కదా!

* ఊదుబత్తి, కర్పూరం వెలిగించొద్దు. పైన పొగను పసిగట్టే యంత్రం ఉంటుంది. అది మోగిందంటే హోటలంతా పరుగు.

* సబ్బు, షాంపూ, టూత్‌బ్రష్ మనం వాడుకోవడానికే. తువాళ్లు, ఇస్త్రీ పెట్టె ఇంటికి తెచ్చుకునేవి కావు!

* పనస తొనల్లా ఉండే డ్యూరియన్ పండు వాసన ఘాటు. దాన్ని రూముకు తేవడం చాలా హోటళ్లు ఒప్పుకోవు. తినాలనిపిస్తే అంగడి దగ్గరే తినేసి రావాలి.

* కుళాయి నీళ్లు తాగొచ్చు. సీసాలు కొనే ఖర్చు మిగులుతుంది.

బయల్దేరే ముందే ఇంకో మాట. చూయింగ్ గమ్ తీసుకుపోవడం 1992 నుంచి అక్కడ నిషేధం. నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు కూడా కూడదు. ఇంటి నుంచి కోడి పచ్చడి, మాంసం పచ్చడి కట్టుకోవద్దు.

రెండు కూడిక గుర్తులు

మెనూలో ధర పక్కన ‘++’ అని ఉంటే ఆగి చూడండి. చూడటానికి చిన్నదే, సంచీకి పెద్ద చిల్లు! మొదటి కూడిక పది శాతం సర్వీసు చార్జీ. రెండోది పన్ను. అది 2023లో ఎనిమిది శాతం, 2024 జనవరి నుంచి తొమ్మిది శాతం. సర్వీసు చార్జీ కలిపిన మొత్తం మీద పన్ను వేస్తారు. రూము 200 డాలర్లు ++ అని ఉంటే, 20 కలిపి 220, దాని మీద పన్ను 19.80, మొత్తం 239.80. నాలుగు రాత్రులకు 800 అనుకున్నది 959.20 అవుతుంది. ఆ పైన టిప్పు ఇవ్వాలనే ఆచారం లేదు.

ఈ లెక్క ఇల్లాలు తెలుసుకుని తీరాలి. పాల లెక్క, చీటీ పాట లెక్క నోటితో చెప్పేవాళ్లం, హోటల్ బిల్లు రాగానే చూపు పక్కకు తిప్పుకుని ‘ఆయన చూసుకుంటారులే’ అంటాం. మన ముందర పెట్టిన బిల్లును మనం ఎందుకు చదవకూడదు?

ఆకలేస్తే ఎక్కడికి?

‘నా మాదిరి శాకాహారులకు అక్కడ పస్తే’ అనుకునేవాళ్లకు ఊరట. ఆనంద భవన్ 1924 నుంచి, కోమల విలాస్ 1947 నుంచి అక్కడ ఇడ్లీ, దోసె, అరటాకు భోజనం పెడుతున్నాయి. చేపలు తినేవాళ్లకు చేప తలకాయ పులుసు ఉంది. కేరళ నుంచి వెళ్లిన ఒకాయన మొదలుపెట్టాడని చెప్పుకునే ఈ వంటను చైనా వాళ్లూ, మలయ్ వాళ్లూ ఎగబడి తింటారు.

పెద్ద హోటల్లో ఒక పూట కూర్చోవాలని ఉంటే 1887లో తెరిచిన రాఫెల్స్ హోటల్‌లో ‘టిఫిన్ రూమ్’ అని ఒక భోజనశాల ఉంది. అక్కడ వడ్డించేది ఉత్తరాది వంటలు. మనం రోజూ అనే ‘టిఫిన్’ మాట సముద్రం దాటి అంత పెద్ద గుమ్మం మీదకెక్కింది చూడండి! ధరలు కూడా గుమ్మానికి తగ్గట్టే ఉంటాయి. లోపల తినకపోయినా తెల్లటి ఆ భవనాన్ని బయట నుంచి చూసి రావచ్చు.

రోజూ తినడానికి మాత్రం హాకర్ సెంటర్లే మేలు. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న అంగళ్లు. రోడ్డు పక్క బండ్ల వాళ్లను ప్రభుత్వం శుభ్రమైన చోటికి చేర్చగా ఏర్పడినవి ఇవి. ఈ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ అలాంటిదే. అక్కడ ‘తోసై’ అంటే మన దోసె. ‘ప్రాటా’ అంటే పరోటా.

శాకాహారులు కొన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. చికెన్ రైస్‌లో ముక్కలు తీసేయమంటే చాలదు, ఆ అన్నం వండేదే కోడి ఉడికిన నీళ్లతో. ‘సాంబాల్’ అనే ఎర్ర చట్నీలో చాలావరకు రొయ్యల ముద్ద ఉంటుంది. చైనా వాళ్ల శాకాహారపు అంగడిలో మాంసం ముక్కల మాదిరి కనిపించేవి సోయాతోనో, గోధుమతోనో చేసినవి కావచ్చు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఒక మాట నేర్చుకోండి: ‘కోసొంగ్’. చక్కెర లేకుండా అని. ఊరికే ‘కోపి’ అంటే తీపి డబ్బా పాలు పోసి ఇస్తారు. ‘కోపి సి కోసొంగ్’ అంటే చక్కెర లేని చిక్కటి పాలతో వస్తుంది.

ఎవరి పళ్లెం వాళ్లదే

ఆ అక్క తిరిగొచ్చినాక నాకు సంబరంగా చెప్పింది దీపాల గురించి కాదు. హాకర్ సెంటర్‌లో తిన్న తర్వాత ఎవరి ట్రే వాళ్లే తీసుకుపోయి పెట్టే చోట పెట్టాలి. 2021 నుంచి అది చట్టం. మొదట హెచ్చరిక, మళ్లీ చేస్తే జరిమానా.

‘‘మీ బావ ముప్పై ఏండ్లలో తిన్న తట్ట ఎత్తింది లేదమ్మే. ఆడ సూటుబూటు ఏసుకున్నోళ్లు కూడా ఎత్తుకుపోతా ఉంటే చూసి, గమ్మున లేసి ఆయనదీ నాదీ రెండూ ఎత్తుకుపోయినాడు. నేను కుర్చీలోనే కూర్చోనుండా. కండ్లల్లో నీళ్లొచ్చేసినాయి.’’

నవ్వుతూనే చెప్పింది. విన్న నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడింది. ఒక పళ్లెం ఎత్తినందుకే అంత పొంగిపోయిందంటే, ఇన్నేళ్లుగా ఎంత తక్కువతో సరిపెట్టుకుంది! జరిమానాకు భయపడి చేసిన పని, భార్య మీద ప్రేమతో ఇంట్లో చేయలేమా?

ఇంకో సంగతి కూడా చెప్పింది. మొదటి రోజు ‘నీకేం కావాలి?’ అని ఆయన అడిగితే ఆమెకు జవాబు తోచలేదట. ఆయనకు వేడి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, కొడుక్కు పూరీ, మామకు మెత్తటి అన్నం. అందరి ఇష్టాలూ నోటికొచ్చు. తనకేది ఇష్టమో ఆలోచించి ఏళ్లయింది. మూడో రోజుకు గానీ ‘నాకు దోసె వద్దు, ఆ నూడుల్స్ ఏందో చూద్దాం’ అనలేకపోయింది.

ఖర్చు మాట

‘నాలుగు రాత్రులకు పోసిన దుడ్డుతో రెండు సవర్ల బంగారం వస్తుందే’ అనే లెక్క మన ఇళ్లల్లో తప్పదు. అది కొట్టిపారేసే మాట కాదు. చెరకు బాకీ ఉన్నప్పుడు, పిల్ల ఫీజు కట్టాల్సినప్పుడు అప్పు చేసి విమానం ఎక్కమని ఎవరూ చెప్పరు. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో రూముల ధరలు ఎక్కువ. కొన్ని వారాలు అటో ఇటో జరుపుకుంటే చాలా తగ్గుతుంది. అదీ కుదరకపోతే చెన్నైలోనో, బెంగళూరులోనో రెండు రాత్రులు ఉండి రండి. అసలు సంగతి సముద్రం దాటడం కాదు కదా! ఇంకొకరు వండింది వేడివేడిగా, అందరితో పాటు కూర్చుని తినడం. పొద్దున లేవగానే ‘ఈరోజు కూరేం చేసేది?’ అనే ఆలోచన లేకపోవడం.

అయితే ఒక షరతు. పోయే ముందు రోజు నాలుగు దినాలకూ సరిపడా పొడులు, పచ్చళ్లు, పిండి రుబ్బి పెట్టి, వచ్చిన రోజు రాత్రే సింకు నిండా గిన్నెలు తోముకునే పని అయితే అది సెలవు కాదు, బాకీ. ఇంట్లో ఉండేవాళ్లకు ముందే చెప్పండి: ఆ నాలుగు రోజులు వంట వాళ్లది, ఇల్లు వాళ్లది. మనం వచ్చేసరికి అన్నం వండి పెట్టి ఉంచాలి. పిల్లలూ, తల్లికి టికెట్టు తీసేటప్పుడు ఈ ఏర్పాటు కూడా మీరే చూడండి.

పాస్‌పోర్టు మాత్రం ఇప్పుడే తీయించుకోండి. తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోవాలనే నిబంధన కూడా లేదు. ప్రయాణం ఈ ఏడు కుదరకపోవచ్చు, వచ్చే ఏడు కావచ్చు. బీరువాలో పట్టుచీరల కింద మన పేరుతో, మన ఫొటోతో ఒక పుస్తకం ఉందంటే, ‘నువ్వెక్కడికి పోతావులే’ అనే మాటకు జవాబు మన దగ్గర ఉన్నట్టే!