తలక్రిందుల బండి

జాతరలో రంగులరాట్నమెక్కిన బాలునకు, అది వేగముగా తిరుగునపుడు తన్నెవరో వెలుపలికి నెట్టుచున్నట్లు తోచును. నిజమునకు నెట్టువారెవరును లేరు. దేహము తిన్నగా పోజూచును; రాట్నము దానిని వంపు త్రోవలోనికి మరలించును. క్రిందికి దిగినంతనే బాలుడీ సంగతి మఱచును. అమెరికాలోని పెక్కు ఉన్నత పాఠశాలల విద్యార్థులకు అట్లు మఱచుటకు వీలులేదు. ఉపాధ్యాయులు వారిని ‘భౌతికశాస్త్ర దినము’ పేర వినోదవనములకు తోడ్కొనిపోయి, రోలర్ కోస్టరను ఆటబండ్ల మీదనే పాఠము చెప్పుదురు.

విద్యార్థి మణికట్టునకు పారదర్శకమైన గొట్టమొకటి కట్టబడియుండును. దానిలో స్ప్రింగునకు ఒక చిన్న బరువు వ్రేలాడుచుండును. కదలక పట్టుకొన్నపుడు ఆ బరువు నిలుచు చోట ‘ఒకటి’ అని గీత గీయుదురు. అట్టివే రెండు బరువులు వ్రేలాడదీసినపుడు స్ప్రింగు సాగు చోట ‘రెండు’, మూడింటికి ‘మూడు’. బండి పల్లమును దాటునపుడు బరువు మూడవ గీతను తాకినచో, పీఠము విద్యార్థిని అతని బరువునకు మూడు రెట్ల బలముతో పైకి నెట్టుచున్నదన్నమాట.

ఈ లెక్కను చాలినంతగా పాటింపకున్న ఏమగునో న్యూయార్కు నగరపు కోనీ ద్వీపములో తేటపడినది. అచ్చట 1895 ప్రాంతమున ‘ఫ్లిప్ ఫ్లాప్’ అను బండి వెలసెను. దాని పట్టాలు 25 అడుగుల వ్యాసము గల వృత్తముగా లేచి, ప్రయాణికులను తలక్రిందులుగా త్రిప్పెడివి. వృత్తమును మించిన చక్కని ఆకారము లేదని నిర్మాతలు తలచిరి కాబోలు. కాగితముపై సున్న చుట్టుట సులభము. దానిపై మనుష్యులను నడుపుట వేఱు. ఎక్కినవారు పలువురు మెడలు నొచ్చి దిగిరి.

కారణమిది. వృత్తపు శిఖరమున బండి పట్టాలను వీడకుండుటకు కొంత వేగము తప్పక యుండవలెను. ఆ వృత్తమున అది సెకనుకు సుమారు 6 మీటర్లు. అంత వేగము శిఖరమున మిగులవలెనన్న, అడుగున సెకనుకు 13 మీటర్లకు పైబడి యుండవలెను. అపుడు పీఠము మోపు బలము బరువునకు ఆరు రెట్లగును. 40 కిలోల బాలుడు 240 కిలోలు తూగినట్లుండును! వృత్తము చిన్నదైనను పెద్దదైనను ఈ ఆరు మారదు. పైగా తిన్నని పట్టాలనుండి వృత్తములోనికి చొరబడినంతనే ఒకటి ఆరగును; ఆ కుదుపును మెడ ఓర్వజాలదు.

1901లో కోనీ ద్వీపముననే కోడిగ్రుడ్డు వంటి వలయముతో మఱియొక బండి వెలసెను. కాని సమస్యకు చక్కని పరిష్కారము 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ వనమున ‘రివల్యూషన్’ అను బండితో లభించెను. జర్మను ఇంజనీరు వెర్నెర్ ష్టెంగెల్ దాని వలయమును కొస క్రిందికున్న నీటిబొట్టు వలె రూపొందించెను. వేగము హెచ్చుగానుండు అడుగున వంపు విశాలము. వేగము తగ్గు శిఖరమున ఇఱుకు. వంపు కొంచెము కొంచెముగా బిగియును గనుక కుదుపు లేదు. రైలు పట్టాలు మలుపు తిరుగు చోట ఇంజనీర్లు పాటించు ఉపాయమే ఇది.

నేల మీద నిలిచిన విద్యార్థులకును పని కలదు. కోణమానినికి దారమును, గుండును కట్టి శిఖరపు ఎత్తును కనుగొందురు. బండి పొడవును, అది ఒక స్తంభమును దాటుటకు పట్టు కాలముచే భాగించి వేగమును గణింతురు. ఎత్తును బట్టి రావలసిన వేగము కంటె కొలిచిన వేగము కొంత తక్కువగా తేలును. ఆ తగ్గినది ఎచ్చటికి పోయెనో వెదకుట మరునాటి తరగతిలోని లెక్క.