విద్యుత్ నమూనా విమానం

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలోని పేరుపాలెం సముద్రతీరాన నిలిచి చూచేవారికి, కొబ్బరితోటల మీదుగా గరుడపక్షి రెక్క కదల్చకుండా తేలిపోయే దృశ్యం సుపరిచితమే. రెక్కల వంపు, తోక మలుపు, శరీరపు బరువు - ఈ మూడింటి పొందికలోనే దాని గమన రహస్యం ఇమిడి ఉన్నది. రేడియో తరంగాల సాయంతో నేలమీది నుంచి నడిపే విద్యుత్ నమూనా విమానానికీ ఆ పొందికే ప్రాణం.

ఇటువంటి నమూనాలను కేవలం ఆటవస్తువులుగా భావించరాదు. 1871లో ఫ్రాన్సు దేశీయుడైన ఆల్ఫాన్స్ పెనో, మెలిపెట్టిన రబ్బరు శక్తితో నడిచే చిన్న విమానాన్ని పారిస్ నగరంలో సుమారు 40 మీటర్ల దూరం ఎగిరించాడు. ఆయన రూపకల్పనను అనుసరించి తయారైన ఎగిరే బొమ్మ ఒకటి 1878లో రైట్ సోదరులకు తండ్రి కానుకగా లభించింది. అది రేకెత్తించిన కుతూహలమే 1903 డిసెంబరు 17న మానవుని విమానయానంగా ఫలించింది.

నమూనా విమానపు దేహాన్ని ఫ్యూజిలాజ్ అంటారు. తేలికైన బాల్సా కర్రతోగాని, గట్టి నురుగు పలకతోగాని దీనిని నిర్మిస్తారు. రెక్కలు గాలిని కిందికి మళ్ళిస్తాయి. ప్రతిచర్యగా గాలి రెక్కలను పైకి నెడుతుంది. ఇదే ఉత్థాపక బలం. రెక్కల అంచులలోని ఐలరాన్లు ఒకటి పైకి లేస్తే మరొకటి కిందికి వంగి, విమానాన్ని పక్కకు ఒరిగిస్తాయి. తోకలోని అడ్డపలక ఎలివేటరు ముక్కును పైకెత్తుతుంది, దించుతుంది. నిలువుపలక రడ్డరు పడవకు చుక్కాని వంటిది. అది ముక్కును కుడి ఎడమలకు తిప్పుతుంది.

విమానానికి శక్తినిచ్చేది లిథియం పాలిమర్ బ్యాటరీ. దీనిలోని ఒక్కొక్క ఘటం 3.7 వోల్టులది, మూడింటిని శ్రేణిలో కలిపితే 11.1 వోల్టులు లభిస్తాయి. ఈ విద్యుత్తు వేగ నియంత్రకం ద్వారా మోటారుకు చేరి ప్రొపెల్లరును తిప్పుతుంది. మోటారు మూడు తీగలలో ఏ రెండింటిని తారుమారు చేసినా అది తిరిగే దిశ మారిపోతుంది. నడిపేవాని చేతిలోని ప్రసారిణి పంపిన ఆజ్ఞలను విమానంలోని గ్రాహకం అందుకొంటుంది. సర్వో అనే చిన్న మోటార్లు ఆ ఆజ్ఞల మేరకు పలకలను కదిలిస్తాయి.

అంగాలన్నీ ఉత్తమమైనవే అయినా, వాటి అమరిక చెడితే విమానం ఎగురదు. కావడి మోసేవాడు రెండువైపులా బరువు సరితూగే చోటునే భుజంపై నిలుపుకొంటాడు. విమానంలో ఆ చోటును గరిమనాభి అంటారు. సాధారణంగా ఇది రెక్క ముందంచు నుంచి, రెక్క వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. అది వెనుకకు జరిగితే విమానం అదుపుతప్పి కూలుతుంది. బ్యాటరీని కొంచెం ముందుకు జరపడమే తరచుగా దీనికి విరుగుడు. రోజుల తరబడి పడిన శ్రమను కాపాడేది ఆ కొద్దిపాటి సవరణే!

ఎగురవేయడానికి ముందు ప్రసారిణిని, తరువాత బ్యాటరీని కలపాలి. దించిన పిమ్మట ముందుగా బ్యాటరీని తీయాలి. ఈ క్రమం తప్పితే ప్రొపెల్లరు హఠాత్తుగా తిరిగి వేళ్ళను గాయపరచవచ్చు. ఉబ్బిన బ్యాటరీ అగ్నిప్రమాదానికి కారణం కావచ్చు, దానిని వాడరాదు. తీరప్రాంతంలో పగటివేళ గాలి సాధారణంగా సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. విమానాన్ని గాలికి ఎదురుగానే విడవాలి. చేపల చెరువులకు, విద్యుత్ తీగలకు దూరంగా, కోతలు ముగిసిన వరిచేను ఇందుకు అనువైనది. విమానం ఎల్లప్పుడూ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి.

2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు వ్యవసాయ డ్రోన్లు అందించే పథకాన్ని ఆమోదించింది. పైరుపై మందు చల్లే ఆ డ్రోనులోనూ బ్యాటరీ, మోటార్లు, వేగ నియంత్రకాలు, గ్రాహకం ఉంటాయి. నమూనా విమానాన్ని విప్పి, తిరిగి కూర్చి, సరితూచి ఎగిరించిన విద్యార్థికి ఆ యంత్రం వింతగా తోచదు. అది ఎందుకు ఎగురుతున్నదో, ఎప్పుడు కూలగలదో అతడు గ్రహించగలడు. యంత్రాన్ని వాడగలగడం నైపుణ్యం; దాని ధర్మాన్ని తెలిసి వాడడం విజ్ఞానం.