పుండును మాన్పే పీడన విద్యుత్తు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరినాట్ల కాలమంతా కూలీల కాళ్లు బురదలో నానుతూనే ఉంటాయి. వాళ్లలో మధుమేహం ముదిరి పాదాల్లో స్పర్శ పోయినవారికి ముల్లు దిగినా తెలియదు. ఆ చిన్న గాయమే నెలల తరబడి మానని పుండై, ఒక్కోసారి వేలు తీసేసేదాకా వస్తుంది. అలాంటి పుండు మీద వేసిన కట్టే కాస్త విద్యుత్తు పుట్టించి, మానడానికి సాయపడేలా చేయాలని శాస్త్రజ్ఞులు పట్టుదలగా పనిచేస్తున్నారు.

గాయానికీ విద్యుత్తుకూ సంబంధం ఉందని 1843లోనే తెలిసింది. ఎమిల్ డుబోయ్ రేమండ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తన వేలి గాయం నుంచే ఆ విద్యుత్ ప్రవాహాన్ని కొలిచాడు. చర్మం పైపొర సోడియం అయాన్లను లోపలికి తోస్తూ ఉండడం వల్ల దాని రెండు వైపుల మధ్య పదుల మిల్లీవోల్టుల తేడా నిలుస్తుంది. చర్మం తెగితే, చుట్టూ ఉన్న కణజాలం నుంచి గాయం నడుమకు ప్రవాహం సాగుతుంది. చర్మకణాలు ఆ దిశ పట్టుకునే గాయాన్ని పూడ్చడానికి కదులుతాయి.

బ్యాటరీ లేకుండా ఆ ప్రవాహానికి బలమివ్వడానికి పీడన విద్యుత్తు ఒక దారి. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో చూపారు. ఎముకలోనూ ఈ గుణం ఉందని 1957లో జపాన్‌కు చెందిన ఫుకాడా, యసుడా కనుగొన్నారు. దానికి మూలం కొల్లాజెన్ అనే ప్రొటీన్. బాగా శక్తిమంతమైన పీడన విద్యుత్ పదార్థాల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. పచ్చిపుండు మీద దానికి చోటివ్వకూడదు. అందుకే శరీరానికి హాని చేయని పాలీలాక్టిక్ ఆమ్లం, కొల్లాజెన్, కైటోసాన్‌ల వైపు చూపు మళ్లింది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొల్లాజెన్ ఉండే చేప పొలుసుతోనే విద్యుత్తు పుట్టించే పరికరం చేసి 2016లో వెల్లడించారు. కైటోసాన్ రొయ్య పొట్టు నుంచి వస్తుంది. రొయ్యల చెరువులూ హేచరీలూ ఉన్న మన తీరానికి ఆ ముడిసరుకు కొత్తది కాదు.

చిక్కులు మాత్రం చిన్నవి కావు. ఈ జీవపదార్థాలు పుట్టించే ఆవేశం సీసపు పింగాణీతో పోలిస్తే చాలా తక్కువ. పుండు తడికి తీగలు షార్టు కాకూడదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. కదలిక ఉంటేనే విద్యుత్తు. కానీ అరికాలి పుండు మీద బరువు మోపొద్దనేదే వైద్యుల మొదటి మాట. కాబట్టి విద్యుత్తు పుట్టించే పొరను పిక్క మీదో ఛాతీ మీదో అమర్చి, అక్కడి కదలికతో పుట్టిన విద్యుత్తును సన్నని తీగతో పుండు దాకా చేర్చడమే మేలని నా అభిప్రాయం.

ఎచ్చెర్లలోనూ విజయనగరంలోనూ విశ్వవిద్యాలయాలున్నాయి. అక్కడి భౌతికశాస్త్ర, జీవశాస్త్ర విద్యార్థులు కలిసి ఈ పని చేపట్టాలి. అలాంటి కట్టు చేతికొచ్చేదాకా మధుమేహం ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. చిన్న గాయం కనబడినా ఆసుపత్రికి వెళ్లండి.