తేలిక తూకమున మేటి యెవరు?



మన తర్కశాస్త్రజ్ఞులు చర్చను మూడు విధములుగా విభజించిరి. సత్యమును తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపు కొఱకే చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. ముష్టియుద్ధమును గూర్చి మన రచ్చబండల మీద జరుగు చర్చలు తఱచుగా మొదటిదానితో ఆరంభమై మూడవదానితో ముగియుచుండును. తేలిక తూకపు స్త్రీలలో మణిపురపు మేరీ కోమ్ మేటియా, మన నిజామాబాదునకు చెందిన నిఖత్ జరీన్ మేటియా యనునది అట్టి చర్చలలో నొకటి. దీనిని వాదముగానే నడుపుట యెట్లో మీకు మనవి చేసెదను.

మొదట తూకము మాట. మా బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో బస్తా కాంటా యెక్కిన తరువాతనే లెక్క తేలును. ముష్టియుద్ధమందును అంతే. పోటీదారును తూచి చూడనిదే బరిలోనికి రానీయరు. నూరు కిలోల మనుష్యునకు రెండు కిలోలనగా నూటికి రెండు పాళ్లు. ఏబది కిలోల మనుష్యునకు నూటికి నాలుగు పాళ్లు. అందుచేతనే తేలిక తరగతుల మెట్లు దగ్గర దగ్గరగా నుండును. ఇంగ్లీషువారు ఈ తరగతులలో నొకదానికి ఫ్లై వెయిట్ అని పేరు పెట్టిరి. అనగా ఈగ తూకము. పేరు విని చులకన చేయరాదు. వేల్సు దేశపు బొగ్గుగనులలో పనిచేసిన జిమ్మీ వైల్డ్ ఈ తూకమునందే 1916లో ప్రపంచ విజేతయయ్యెను. తనకంటె బరువైనవారిని పెక్కుమందిని అతడు నేల గూల్చెను.

రెండవది తీర్పు మాట. ఇప్పటి ఒలింపిక్ పద్ధతిలో ఒక్కొక్కటి మూడు నిమిషముల చొప్పున మూడు విడతలు పోరు జరుగును. బరి చుట్టును ఐదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుందురు. విడతలో మెఱుగైనవారికి 10 గుణములు, రెండవవారికి 9 గాని అంతకు తక్కువ గాని వేయుదురు. తలకు ముందువైపున, ప్రక్కలను, నడికట్టునకు పైభాగమున, పిడికిలి కణుపులతో సూటిగా తగిలిన దెబ్బయే లెక్కకు వచ్చును. తేలిక తూకమువారి పోటీలు ఒక్క దెబ్బతో ముగియుట అరుదు. కాలి వడి, చేతి వడి, దెబ్బ తప్పించుకొను నేర్పు వీనిని బట్టియే జయాపజయములు తేలును. కావున నిష్పక్షపాతులైన యిద్దఱు నిర్ణేతలు సైతము భిన్నాభిప్రాయులు కావచ్చును.

ఇక నిద్దఱి చరిత్ర. మేరీ కోమ్ 2002, 2005, 2006, 2008, 2010, 2018 సంవత్సరములలో ఆఱు మారులు ప్రపంచ విజేతయయ్యెను. ఆ యాఱును 45 మొదలు 48 కిలోల వఱకు గల తరగతులలో గెలిచినవి. 2012లో లండను ఒలింపిక్ క్రీడలలో స్త్రీల ముష్టియుద్ధమునకు మొదటిసారి చోటు దొరకినది. అచ్చట 51 కిలోలకు తక్కువ తరగతి లేకుండుటచే, ఆమె తనకు సహజము గాని పై తూకమునకు పోయి కాంస్య పతకము తెచ్చెను.

నిఖత్ 1996లో నిజామాబాదున జన్మించెను. మా బోయిన్‌పల్లి నుండి ఉత్తరముగా మేడ్చల్, కామారెడ్డిల మీదుగా పోయినచో ఆ యూరు చేరుదుము. 2011లో టర్కీ దేశమున బాలికల ప్రపంచ పోటీలలో ఆమె స్వర్ణము గెలిచెను. 2017లో భుజము గాయపడుటచే చాలకాలము బరికి దూరమయ్యెను.

2019లో వివాదము పుట్టెను. ఒలింపిక్ అర్హతపోటీకి 51 కిలోల తరగతిలో పరీక్ష లేకయే మేరీ కోమ్‌ను పంపవచ్చునను ఆలోచన బయలుదేరెను. నిఖత్ ఆ సంవత్సరము అక్టోబరులో క్రీడామంత్రికి బహిరంగముగా లేఖ వ్రాసి, తమ యిద్దఱికిని పోటీ పెట్టుడని కోరెను. ఇంతటి కీర్తిమంతురాలిని చిన్నపిల్ల సవాలు చేయుటయా యని కొందఱు నొచ్చుకొనిరి. డిసెంబరులో ఢిల్లీలో పోటీ జరిగినది. 9-1గా మేరీ కోమ్ పక్షముననే తీర్పు వచ్చినది. అప్పటికామె ముప్పదియైదేండ్లు దాటినది. నిఖత్ ఇరువదిమూడేండ్ల యువతి.

కొందఱు దీనినిబట్టి నిఖత్ కోరిక యనుచితమని తేల్చిరి. ఇది హేత్వాభాసము. ఓడిపోయినంత మాత్రమున పరీక్ష కోరుట తప్పు కానేరదు. ఆ పరీక్ష వలన మేరీ కోమ్ గౌరవమునకు లోటు రాలేదు సరికదా, పాత పేరుతో కాక ఆనాటి బలముతోనే ఆమె గెలిచినదని లోకమునకు రుజువైనది.

తరువాతి కథ వినుడు. మేరీ కోమ్ 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో రెండవ పోటీయందు 3-2 తీర్పుతో ఓడిపోయెను. నిఖత్ 2022 మేలో ఇస్తాంబులు నగరమున 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేతయయ్యెను. ఆ యేడే 50 కిలోల తరగతిలో కామన్వెల్త్ స్వర్ణమును, 2023లో ఢిల్లీలో మరల ప్రపంచ స్వర్ణమును గెలిచెను. రెండు ప్రపంచ పోటీల తుది పోరులలోను ఐదుగురు నిర్ణేతలును ఆమె వైపే మొగ్గిరి. కాని 2024లో పారిస్ నగరమున, రెండవ పోటీలోనే చైనా దేశపు వూ యూ యెదురుపడగా 0-5గా ఓడెను. ఆ వూ యూయే తుదకు స్వర్ణము గెలిచెను.

ఇందు మూడు ప్రశ్నలు కలగాపులగమైనవి. సుదీర్ఘకాలపు కీర్తి యెవరిది? మేరీ కోమ్‌ది. అందు సందేహము లేదు. 2022, 2023 సంవత్సరములలో 50, 52 కిలోల తరగతులలో భారతీయ స్త్రీలలో మేటి యెవరు? నిఖత్. ఇద్దఱు ముఖాముఖి నిలిచిన 2019లో నెవరు? మేరీ కోమ్. మూడు ఉత్తరములును నిజములే. ఒకదానికొకటి విరోధము లేదు. తూకము, కాలము, ఎదురు నిలిచినవారెవరు అను మూడింటిని విడిచి మేటి యనుట, కాంటా యెక్కింపని బస్తాకు ధర పలుకుటయే.

పెద్దలారా, ఈ విషయము ముష్టియుద్ధముతోనే ముగియదు. ఊరిలో పదిమంది కూడి యొకరిని ఎన్నవలసి వచ్చినపుడు, పాత పేరును జూచి క్రొత్తవారికి తలుపు మూయుట మనకు సులభమైన పని. పరుగుపందెమునకో పరీక్షకో పోవుదునని మీ యింటి బాలిక వచ్చి నిలిచినపుడు, గెలుతువా యని ముందుగా అడుగకుడు. ఆమెను పోటీకి నిలువనిండు. గెలుపోటములు బరియే చెప్పును. నిలుచుటకు చోటిచ్చుట మాత్రము పెద్దల చేతిలో నున్నది.